పంతొమ్మిదో కాగితం

చుక్కలు పోయింది మంగళవారం సాయంత్రం.

అంబాజీపేట నుంచి వస్తూనే శ్యామ్ సుందర్ చేతిసంచి బల్ల మీద పెట్టాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"తీసి చూడండి వదినగారూ. ఇంక వందేళ్లయినా చెక్కుచెదరవు," అన్నాడు.

విజయకుమారి తీసింది. ముప్పై ఒక్క కాగితాలు. ఒక్కొక్కటీ గాజుపలకలా మెరుస్తోంది. పై కాగితం మీద వేళ్లు పెట్టింది. పెట్టిన చోటు నుంచి అంచు దాకా ఎక్కడా ఆగకుండా నున్నగా జారిపోయాయి.

రెండోది తీసింది. మూడోదీ తీసింది. తర్వాత తియ్యలేదు.

"ఏం చేసేవు శ్యామ్?"

"లామినేషనండి. మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీ కాగితాలన్నీ ఇలాగే చేయిస్తామండి. లేకపోతే కొబ్బరికాయల చెమ్మకి నెల తిరక్కుండా నానిపోతాయి. నెలాఖరు జ్ఞాపకార్థ కూటంలో అన్నయ్య రాసినవి బల్ల మీద పెడదామనుకున్నాం కదండీ. వచ్చినవాళ్లంతా ముట్టుకుంటారని..."

"ప్లాస్టిక్ ఎలా అంటుకుంటుంది?"

"వేడి పెట్టి, రెండు రోలర్ల మధ్యలోంచి నొక్కి..."

శ్యామ్ అక్కడ ఆగాడు. పై కాగితాన్ని ఇటు నుంచి అటు ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి తడిమాడు. చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు.

"అయ్యో," అన్నాడు మెల్లగా.

ఆ మాట నిజంగానే లోపలి నుంచి వచ్చినట్టు వినిపించింది విజయకుమారికి. అయినా నమ్మబుద్ధి కాలేదు.

భర్త బెంజమిన్ పోయి రెండు నెలలైంది. చూపు లేని మనిషి, ఇరవై రెండేళ్లు సోషల్ మాస్టారుగా పాఠాలు చెప్పిన మనిషి. కొన్నేళ్లుగా ఉత్తరాలు, పాఠాలు, పేపరు చదవడం చాలావరకు మాట్లాడే ఫోన్‌తోనే నడిపాడు. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఆ మూడు వారాల్లో మాత్రం ఫోన్ పక్కన పెట్టేశాడు. కిటికీ దగ్గర కూర్చుని, దళసరి కాగితాన్ని పలకలో బిగించి, టకటకమని పొడుస్తూ బ్రెయిలీలో రాశాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినపడేది. ఏం రాస్తున్నారని అడిగితే "నీకేలే" అనేవాడు.

ఆమెకి బ్రెయిలీ రాదు. ఇంట్లో ఎవరికీ రాదు.

"నీకు తెలియదా శ్యామ్?" అంది. "అన్నయ్యతో కలిసి పెరిగేవు. బ్రెయిలీ కాగితం మీద బరువు పెట్టకూడదని తెలియదా?"

"తెలుసండి. పుస్తకం మీద గ్లాసు పెట్టినా అమ్మ వీపు చిట్లగొట్టేది. కానీ అప్పుడు ఆ మాటే తట్టలేదండి. ప్లాస్టిక్ వేస్తే మంచిదనుకున్నానంతే."

"నీకే తట్టిందా ఇది?"

శ్యామ్ నడవా వైపు చూశాడు. అక్కడ కుర్చీలో వాళ్లమ్మ కృపావతి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"చెమ్మ పడుతున్నాయని నేనే అన్నాను," అంది ఆవిడ తల ఎత్తకుండా. "తీసుకెళ్లి ఇస్త్రీ చేయించమన్లేదు."

ఆ తర్వాత చిక్కుడుకాయలు విరిచే చప్పుడే మిగిలింది.

*

గురువారం శ్యామ్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. బెంజమిన్ ఫోన్ అడిగాడు.

ఆ ఫోన్ కృపావతి దగ్గర ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆవిడే చార్జింగ్ పెడుతుంది. అది గబగబా ఏదో ఒకటి చెబుతుంటే ఇంట్లో వాడున్నట్టే ఉంటుందని ఒకసారి అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"ఇందులో యాప్ ఉందండి వదినగారూ. చుక్కల్ని ఫోటో తీస్తే చదివేస్తుందంట. మా ఆఫీసులో కుర్రాళ్లు చెప్పేరు."

కాగితం బల్ల మీద పరిచి ఫోన్ పైన పట్టాడు. ఫోన్ మాట్లాడింది.

"చుక్కలు కనబడలేదు. కెమెరా కదలకుండా పట్టండి."

మళ్లీ పట్టాడు. "చుక్కలు కనబడలేదు. వెలుతురు సరిచూసుకోండి."

"దీనికి ఇంగ్లీషు చుక్కలైతే కనబడతాయేమో," అన్నాడు శ్యామ్.

"చుక్కలు కనబడలేదు," అంది ఫోన్.

"ఇంక కట్టేయరా," అంది కృపావతి. "వినలేకపోతున్నాను."

విజయకుమారి ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఫోన్ చెప్పిన వెలుతురు మాట ఆమెకి పట్టుకుంది. ముప్పై మంది పిల్లల నోటుపుస్తకాలు దిద్దే టీచరు కళ్లు. ఎవరు చెరిపి రాశారో, పెన్సిల్ పోయినా నొక్కు ఎక్కడ మిగిలిందో కనిపెట్టడం వాటికి అలవాటు. కాగితాన్ని కళ్లకి సమంగా ఎత్తి, ఎండ పక్క నుంచి పడేలా వంచింది.

చుక్కలున్నాయి. ఉబ్బు పోయింది గానీ, పొడిచిన ప్రతిచోటా చిన్న వలయం మిగిలింది. నీళ్ల మీద చినుకు పడ్డ గుర్తులా ఉంది. వరసలు వరసలుగా ఉన్నాయి.

శ్యామ్ వెనక నిలబడి ఉన్నాడు. "ఏమైనా కనబడుతోందా అండి?"

"లేదు," అంది.

ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. నోట్లోంచి వచ్చేసింది. దాన్ని వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

*

శనివారం మధ్యాహ్నం ఏంజెల్ వచ్చింది.

చిన్నప్పుడు చూపు లేదని బడి మాన్పించబోతే బెంజమిన్ వెళ్లి తెచ్చుకున్న పిల్ల. ఇప్పుడు అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం. నాలుగు వారాలుగా ప్రతి శనివారం వచ్చి మాస్టారి కాగితాలు విజయకుమారికి చదివి వినిపిస్తోంది. పద్దెనిమిది పూర్తయ్యాయి. కిందటి వారం పంతొమ్మిదోది సగంలో ఆగింది.

తెల్లకర్ర మడిచి ఒళ్లో పెట్టుకుని చెయ్యి చాపింది. విజయకుమారి కాగితం అందించింది.

ఏంజెల్ వేళ్లు ఒకసారి పైనుంచి కిందికి వెళ్లాయి. తర్వాత కాగితాన్ని తిప్పి వెనకవైపు తడిమింది. మళ్లీ ముందుకి తిప్పింది.

"ఇవి మాస్టారివేనాండి?"

"ఆయనవే."

బొటనవేలితో మూల దగ్గర కత్తిరింపు తడుముతూ కూర్చుంది. ఏది ముందువైపో తెలియడానికి బెంజమిన్ ప్రతి కాగితానికీ కుడివైపు పైమూల కోసేవాడు.

"ఎవరు చేసేరండి?"

"శ్యామ్. తెలియక చేసేనంటున్నాడు. నువ్వేమంటావు?"

"నేనేమంటానండి."

"చదివినవి గుర్తున్నాయా?"

"పద్దెనిమిది దాకా గుర్తున్నాయండి. మాట అటూ ఇటూ అయినా విషయం పోదు."

"పంతొమ్మిది?"

"అది సగమే కదండి. బస్సు టైమైపోయింది."

"నువ్వెప్పుడూ అయిదున్నర బస్సుకి వెళ్తావు. ఆ రోజు మూడున్నర దానికే వెళ్లిపోయేవు."

"అమ్మకి జ్వరమండి ఆ రోజు."

"మర్నాడు మీ అమ్మ చర్చిలో ముందు వరసలో నిలబడి పాడింది. నాలుగు చరణాలూ పాడింది."

ఏంజెల్ కర్రకున్న తాడు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది.

"నీ వేలు ఒకే వరస మీద మూడుసార్లు తిరిగింది," అంది విజయకుమారి. "నోరు మాత్రం కదల్లేదు. తర్వాత గేటు దగ్గర శ్యామ్‌తో మాట్లాడేవు. మూడు రోజులు తిరక్కుండా కాగితాలు ఇలా అయిపోయేయి."

"దానికీ దీనికీ సంబంధం లేదండి."

"దేనికి సంబంధం ఉంది మరి?"

ఏంజెల్ కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది.

"ఏంజెల్, నేను పద్దెనిమిదేళ్లు ఆయనకి చదివి వినిపించేను. వరస దాటేసేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు."

అది నిజం. ఆమె ఎన్నో దాటేసింది. పెళ్లయిన కొత్తలో మేనమామ రాసిన ఉత్తరంలో 'ఏం చూసి చేసుకుందో' అన్న మాట. ప్రమోషన్ కాగితంలో చివరి పేరా. ఆసుపత్రి రిపోర్టులో డాక్టరు కింద గీత గీసిన వాక్యం. చదవకుండా వదిలేసి, ఆ ఖాళీలో ఒక మంచి మాట పెట్టేది. నొప్పి తగలకూడదనే చేసింది. ఆయనకి తెలియదనే అనుకుంది.

"మాస్టారికి తెలుసండి," అంది ఏంజెల్.

"ఏంటి?"

"మీరు దాటేస్తారని. మూడో కాగితంలో రాసేరు. 'చదివేటప్పుడు విజయ మధ్యలో ఊపిరి పీల్చుకుంటే అక్కడ ఒక వరస పోయినట్టు. పోయిన వరస నేనెప్పుడూ అడగలేదు' అని."

విజయకుమారి లేచి నిలబడింది. మంచినీళ్ల బిందె దాకా వెళ్లి, గ్లాసు ముంచకుండానే వెనక్కి వచ్చింది.

"మూడో కాగితం నాకు చదివేవు. అందులో ఆ మాట లేదు."

"అది దాటేసేనండి. అప్పటికి ఆయన పోయి నెలే అయింది. మీరు తట్టుకోలేరనిపించింది."

"ఇంకా ఎన్ని దాటేసేవు?"

"అదొకటి. పంతొమ్మిదిలో కొన్ని వరసలు. అంతేనండి."

"అంతేనని నాకెలా తెలుస్తుంది?"

"తెలియదండి," అంది ఏంజెల్. ఆ మాట దబాయింపుగా లేదు. లెక్క చెప్పినట్టు ఉంది.

నడవాలో కుర్చీ కిర్రుమంది. కృపావతి అక్కడే ఉంది. ఏం విన్నదో, ఎంత విన్నదో తెలియదు.

"పంతొమ్మిదిలో ఏముంది?"

"చెప్పకూడదండి."

"నాకు రాసిన కాగితం నాకు చెప్పవా?"

"ఆ వరసలు మీకు రాసినవి కావండి. నా పేరు పెట్టి రాసేరు. విజయకి చదవొద్దని అక్కడే ఉంది. నాకొక పని చెప్పేరు. చేసేను."

"ఏం పని?"

ఏంజెల్ తల దించుకుంది.

"ఆ పనేదో ఫోన్‌లోనే నీకు రాసి పంపి ఉండొచ్చుగా ఆయన? అందరూ అలాగే చేస్తున్నారు ఇప్పుడు."

"ఫోన్‌లో రాస్తే అది పైకి చదువుతుందండి. చెవిలో పెట్టుకుని విన్నా, మళ్లీ సరిచూసుకునేటప్పుడు ఏదో ఒక మాట ఇంట్లో ఎవరో వింటారు. మాస్టారు ఎప్పుడూ అనేవారు, వేళ్లతో చదువుకునేదొక్కటే మన సొంతం అని."

విజయకుమారి పంతొమ్మిదో కాగితం చేతిలోకి తీసుకుంది.

"చుక్కలు పోలేదు," అంది. "నీ వేళ్లకి తగలవు గానీ నా కళ్లకి కనబడుతున్నాయి. ఎండకి వంచితే ప్రతి చుక్కా కనబడుతోంది."

ఏంజెల్ మొహం చటుక్కున పైకి లేచింది. అది సంతోషమో భయమో విజయకుమారి పోల్చుకోలేకపోయింది. రెండూ ఒకలాగే ఉన్నాయి.

"నిజంగానాండి? అయితే ఒక్కో చుక్కా ఎక్కడుందో మీరు చెప్పండి, నేను చదువుతాను. కానీ..."

"కానీ?"

"నేను చదివింది మీరు నమ్మాలి కదండి."

గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. కూతురు కావ్య ట్యూషన్ నుంచి రావడానికి ఇంకా గంట ఉంది.

"నేర్పు," అంది విజయకుమారి.

"ఏంటండి?"

"నాకు నేర్పు. నేనే చదువుకుంటాను."

ఏంజెల్ ఒళ్లోని కర్ర పక్కన పెట్టింది. "కోడిగుడ్ల అట్ట ఉందాండి ఇంట్లో?"

ఉంది. ఏంజెల్ దాన్ని తడిమి, ఆరు గుంటలున్న ముక్క చింపింది. నిలువుగా మూడు, పక్కన మూడు. చింతపిక్కలు అడిగింది. బెంజమిన్ పిల్లలకి నేర్పింది ఇలాగే.

"ఎడమ పక్క పైనుంచి ఒకటి, రెండు, మూడు. కుడి పక్క పైనుంచి నాలుగు, అయిదు, ఆరు. ఒకటిలోనూ మూడులోనూ పిక్క వెయ్యండి. ఏంటో చెప్పనాండి? అది క."

విజయకుమారి పిక్కలు వేసింది, తీసింది. అక్షరం పేరు పుస్తకంలో రాసుకుంది. పక్కన చుక్కలు పెట్టుకుంది. నలభై నాలుగేళ్ల వయసులో అక్షరాలు దిద్దుతోంది. ఎదురుగా కూర్చున్న పిల్ల ప్రతి గుంటా తడిమి చూసి, తప్పయితే పిక్క తీసి పక్కన పెడుతోంది.

"మాస్టారు మిమ్మల్ని నేర్చుకోమని పద్దెనిమిదేళ్లు అడిగేరంటండి."

"అడిగేరు."

"ఇప్పుడు నా మీద అనుమానం కొద్దీ నేర్చుకుంటున్నారు."

"ఆయ్," అంది విజయకుమారి.

ఏంజెల్ నవ్వింది. వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు. ఎంతోసేపు నిలవలేదు.

"ఇలా నేర్పితే ఆయనకిచ్చిన మాట తప్పినట్టు కాదా?"

"చదవొద్దన్నారండి. నేర్పొద్దని ఎక్కడా రాయలేదు."

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర కర్ర విప్పుతూ అంది: "టీచరుగారూ, తొందరపడకండి. ఒకటి తప్పు చదివితే దాని వెనక అన్నీ తప్పే వస్తాయి."

అది జాగ్రత్త చెప్పడమా, ఆలస్యం చేయించడమా అని విజయకుమారి గేటు వేసేదాకా ఆలోచించింది.

*

ఆదివారం పొద్దున్నే కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీదికి వచ్చింది. చర్చికి ఇంకా రెండు గంటల టైముంది. కావ్య పెరట్లో జడ వేయించుకుంటోంది. నాయనమ్మ మీద విసుక్కుంటోంది.

విజయకుమారి తలుపు దగ్గరగా వేసి పంతొమ్మిదో కాగితం పెట్టుకుంది. మొదట అరగంట వృథా అయింది. కాగితాన్ని వెనకవైపు పెట్టుకుని, ఏ అక్షరమూ కుదరక, ఏంజెల్ తప్పు నేర్పిందనుకుని ఉడికిపోయింది. మూల కత్తిరింపు ఎడమవైపు ఉండటం తర్వాత చూసింది. సిగ్గుపడి కాగితం తిప్పింది.

ఏంజెల్ ఎక్కడ ఆగిందో ఆమెకి గుర్తుంది. కాగితం సగం దాటాక, పదకొండో వరస. కాగితాన్ని ఒక చేత్తో వంచి పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో గడిలో చుక్కలు చూసి పుస్తకంలో దించుకుంది. ఒక్కో అక్షరం వెతికి పక్కన రాసుకుంది.

ఏంజెల్, ఇది విజయకి చదవొద్దు.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు.

విజయకుమారి కాసేపు కళ్లు మూసుకుంది. భర్త చెయ్యి రాసినది ఆమె స్వయంగా చదవడం ఇదే మొదలు. చదివిన మొదటి వాక్యంలో ఆమెని బయట నిలబెట్టాడు.

తర్వాతి వరస మొదలుపెట్టింది. ఒకటి, మూడు. క. దాని పక్కన దీర్ఘం. ఆ తర్వాత ఒత్తుకి పెట్టే చుక్క. రెండుసార్లు సరిచూసుకుంది. పుస్తకంలో ఉన్న మాట ఆమె కూతురి పేరు.

కావ్యకి.

ఏంజెల్ చదివిన పద్దెనిమిది కాగితాల్లోనూ కావ్య పేరు ఉంది. పెన్సిళ్లు, మార్కులు, అలకలు, అన్నీ ఉన్నాయి. దాచాల్సింది ఏముంది? తర్వాతి మాట పొడుగ్గా ఉంది. ఎండ జరుగుతోంది. ఆమె కుర్చీతో సహా పక్కకి జరిగింది.

సాయంత్రం పూట.

విజయకుమారి పెన్సిల్ కింద పెట్టింది.

బెంజమిన్‌కి చూపు తగ్గడం పన్నెండో ఏట మొదలైంది. పగలు బాగానే ఉండేదట. సాయంత్రం పూట గట్టు కనబడక చేలో పడిపోయేవాడట. ఇరవై వచ్చేసరికి పగలూ పోయింది. ఆయన నాయనమ్మకీ అంతేనట. కావ్యకి ఆరేళ్లప్పుడు రాజమండ్రిలో కళ్ల డాక్టరు చూసి, ఇప్పటికి భయం లేదన్నాడు. ఇప్పటికి అన్న మాట ఆ రోజు బెంజమిన్‌కి చెప్పకుండా ఆమె దాటేసింది. కావ్యకి పదకొండు నిండాయి.

మళ్లీ పెన్సిల్ తీసుకుంది. గడి లెక్క తప్పింది. వెనక్కి వెళ్లింది.

తలుపు తోసుకుని శ్యామ్ వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని చర్చికి తయారై ఉన్నాడు.

"వదినగారూ, ఒక్క మాటండి. రేపు కావ్యని రాజమండ్రి తీసుకెళ్దామనుకుంటున్నాను. బడికి ఒక్కరోజు సెలవు పెట్టించండి."

"దేనికి?"

"ఊరికేనండి. బూట్లు కొనిపెడతానన్నాను."

"రాజోల్లో బూట్లు లేవా?"

"మంచివి దొరకవండి."

అతను ఆమె మొహం చూడటం లేదు. బల్ల మీద ఎండ పడిన కాగితాన్నీ, పక్కనున్న పుస్తకాన్నీ చూస్తున్నాడు. పుస్తకంలో వరసగా చుక్కలు, వాటి కింద అక్షరాలు. ఆ రోజు గేటు దగ్గర ఏంజెల్ అతనికి చెప్పిన పని ఏంటో విజయకుమారికి అప్పుడు తట్టింది.

"పంపించు విజయా," అంది పెరట్లోంచి కృపావతి.

ఎక్కడికని అడగలేదు. ఎందుకని అడగలేదు. శ్యామ్ ఆ మాట గదిలో, పెరట్లోకి వినపడనంత మెల్లగానే అన్నాడు.

విజయకుమారి ఇద్దరికీ వినపడేలా ఊపిరి పీల్చుకుంది. కుర్చీ ఎండలోకి లాక్కుని, కాగితం మళ్లీ వంచి పట్టుకుంది. శ్యామ్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

పంతొమ్మిదో కాగితంలో ఆ వరస సగం, కింద నాలుగు వరసలు ఆమె ఇంకా చదవలేదు. తర్వాతి పన్నెండు కాగితాలు ఎవరూ చదవలేదు. రేపటి ప్రయాణానికి ఆమె అవునని గానీ కాదని గానీ చెప్పలేదు.